బరువు రాని నీళ్లు

మొన్న ఆదివారం టీవీలో ‘అంజి’ సినిమా మళ్లీ వేశారు. ఆకాశగంగ ఆత్మలింగం మీదికి దిగే ఘట్టం వచ్చేసరికి తింటున్న కంచం పక్కన పెట్టేశాను. డెబ్బై రెండేళ్లకోసారి దిగే గంగ! ఎంత గొప్ప ఊహ అది. ఆ నీళ్లు మాత్రం, అప్పుడూ ఇప్పుడూ, నాకు నీళ్లలా అనిపించవు.

పోలవరం రేవులో పుట్టి పెరిగినవాణ్ణి. ఎర్రనీరు వచ్చినప్పుడు గోదారి పట్టిసీమ కొండను ఒరుసుకుంటూ ఎలా వస్తుందో ఏటా చూస్తాను. ఆ నీళ్లలో మట్టి ఉంటుంది, సుడి ఉంటుంది. కొట్టుకొచ్చిన దుంగ మెట్టుకు తగిలితే కాలికింద రాయి అదురుతుంది. తొలినాళ్ల గ్రాఫిక్స్ నీటికి మెరుపు వచ్చింది గానీ బరువు రాలేదు. అది పనివాళ్ల తప్పు కాదు. నీటికి నిలకడైన రూపం లేదు. ప్రతి తుంపరకూ కదలిక లెక్కగట్టాలి, అదీ సెకనుకు 24 ఫ్రేముల చొప్పున. అప్పటి కంప్యూటర్లకు అది తలకు మించిన భారం. పైగా నటుడి మీద పడ్డ వెలుతురు ఒకటి, గ్రాఫిక్స్‌లో వెలుతురు మరొకటి అయితే కన్ను ఇట్టే పట్టేస్తుంది.

1993లో ‘జురాసిక్ పార్క్’ ఈ చిక్కును ఎంత తెలివిగా దాటిందో! రాక్షసబల్లి రాకముందే గ్లాసులో నీళ్లు వణుకుతాయి. ఆ వలయాలు కంప్యూటర్‌వి కావు, అడుగున గిటార్ తీగ మీటి పుట్టించినవి. జంతువు కనపడేలోపే దాని బరువు మన గుండెల్లో దిగిపోయింది. ఆపైన చీకటి, వాన. అతుకులేమైనా ఉంటే వాటిలో కలిసిపోయాయి.

మన పాలకొల్లు మనిషి, దర్శకుడు కోడి రామకృష్ణకు ఈ కిటుకు తెలుసు. 1995లో ‘అమ్మోరు’ వచ్చినప్పుడు మా అమ్మ చెప్పులు బయటే విడిచి హాల్లోకి వచ్చింది. సౌందర్య భయం, రమ్యకృష్ణ చూపు అప్పటికే ఆవిడ చేత చేతులు జోడింపజేశాయి. గ్రాఫిక్స్ ఆ తర్వాత వచ్చి ఆ భక్తిని ఇంకొంచెం పైకెత్తాయి, అంతే.

‘అంజి’ కూడా ఆయనదే. ఏళ్ల తరబడి చెక్కి 2004 సంక్రాంతికి తెచ్చారు. స్పెషల్ ఎఫెక్ట్స్ చేసిన సనత్‌కు జాతీయ అవార్డు వచ్చింది. అయితే ‘అమ్మోరు’లా కాక ఇందులో భారమంతా గ్రాఫిక్స్ మీదే పెట్టారు. హైదరాబాద్‌లో కూర్చుని ఆకాశగంగను దింపాలనుకున్న ఆ సాహసానికి ఇప్పటికీ దణ్ణం పెడతాను.

మొన్న అమ్మ నా పక్కనే కూర్చుని చూసింది. గంగ దిగగానే చీరకొంగు తలమీదికి లాక్కుంది.