రోబోటు కంటికి వంపు అద్దము

కుంభాకార దర్పణమును గురించి పాఠము చెప్పునపుడు బస్సు డ్రైవరు ప్రక్కన బిగించిన అద్దమును ఉదాహరణముగా చూపుట పరిపాటి. అందులో ఎక్కువ దృశ్యము ఇముడును. కాని వస్తువులు చిన్నవిగా, ఉన్న దూరముకంటె ఎక్కువ దూరమున ఉన్నట్లు తోచును. రోబోటులకు చూపు కల్పించు శాస్త్రములో ఈ లాభనష్టముల లెక్కయే పెద్ద విచారణకు మూలమైనది.

కెమెరాను పైకి చూచునట్లు నిలిపి, దాని పైన కుంభాకార దర్పణమును తలక్రిందుగా అమర్చినచో, చుట్టునున్న ప్రదేశమంతయు ఒకే వృత్తాకార చిత్రమున లభించును. రోబోటు మెడ త్రిప్ప పనిలేదు. 1970లో అమెరికాలో డొనాల్డ్ రీస్ ఇట్టి టెలివిజన్ పరికరమునకు పేటెంటు పొందెను. ఆయన వాడినది అతిపరావలయమును అక్షము చుట్టు త్రిప్పగా ఏర్పడు తలము. 1990లో జపానులో యాసుషి యాగి, ఆయన సహచరులు రోబోటు దారి తెలిసికొనుటకై శంకువు ఆకారపు అద్దమును వాడిరి. ఆ పరికరమునకు కోపిస్ అని పేరు. 1997లో కొలంబియా విశ్వవిద్యాలయపు ప్రొఫెసరు నాయర్ పరావలయపు అద్దముతో కెమెరా నిర్మించెను.

ఇన్ని ఆకారములలో ఏది మేలు? 1999లో సైమన్ బేకర్, నాయర్ ప్రకటించిన సిద్ధాంతము ఈ ప్రశ్నకు జవాబుగా ప్రసిద్ధి పొందినది. వారి కొలబద్ద ఏకదృష్టిబిందువు. కెమెరాలో చేరు కిరణములన్నియు అద్దమునకు తగులక పూర్వము ఒకే బిందువు వైపు సాగుచుండవలెను. అపుడే వంకర చిత్రమును గణితముతో సరిచేసి, మామూలు కెమెరా తీసినట్టి చిత్రముగా మార్చవచ్చును. అతిపరావలయమునకు రెండు నాభులు కలవు. అద్దము వెనుకనున్న నాభి వైపు పోవు కిరణము పరావర్తనము చెంది రెండవ నాభికి చేరును. కెమెరా కటకము అచ్చట ఉండవలెను. పరావలయములో ఆ కిరణము అక్షమునకు సమాంతరముగా పోవును. పుటాకార దర్పణమున సమాంతర కిరణములు నాభి వద్ద కలియునని నేర్చిన విద్యార్థికి ఇది ఆ పాఠమే తిరగవేసినట్లు కనిపించును. గోళమును, శంకువును మాత్రము ఈ సిద్ధాంతము పనికిరానివిగా త్రోసివేయును. గోళమున నియమము నెరవేరవలెనన్న కెమెరా గోళకేంద్రమున ఉండవలెను. అపుడది తన్ను తానే చూచుకొనును. శంకువులో కెమెరా శిఖరమున ఉండవలెను. అచ్చట చూడదగిన దృశ్యమేదియు మిగులదు.

గణితము నిర్దుష్టము. కాని దానినుండి శంకువు చెడ్డ అద్దమని తీర్పు చెప్పుట తొందరపాటు. శంకువు అక్షము, కెమెరా అక్షము ఒకే నిలువు గీతపై ఉన్నపుడు ప్రతి కిరణము, దాని పరావర్తన కిరణము ఆ అక్షము గుండా పోవు ఒకే తలములో ఉండును. అందుచేత తలుపు అంచు, స్తంభము మొదలగు నిలువు రేఖలు చిత్రమున వ్యాసార్ధములుగా పడును. వ్యాసార్ధము చేయు కోణమే ఆ స్తంభమున్న దిక్కు. దృష్టిబిందువు ఒకటి కాకపోయినను ఈ దిక్కున దోషము రాదు. రోబోటు కొంత దూరము కదలి, మారిన దిక్కును కొలిచినచో, సర్వే చేయువారు త్రిభుజముతో లెక్కించినట్లే స్తంభము ఎచ్చటనున్నదో తేలును. అడుగు గుండ్రముగా నున్న స్టీలు గిన్నెను బల్లపై బోర్లించి, సరిగా నడినెత్తినుండి సెల్‌ఫోనుతో ఫొటో తీసినచో తరగతి గదిలోనే ఈ వ్యాసార్ధములను చూడవచ్చును.

2000లో ఆండ్రూ హిక్స్, రుజెనా బైచి అవలంబించిన మార్గము మరియొకటి. కావలసిన చిత్రమును ముందు నిర్ణయించి, దానిని ఇచ్చు అద్దపు వంపును అవకల సమీకరణమునుండి సాధించిరి. నేలపై గీసిన గళ్లు చిత్రములోను వంకరలు లేని గళ్లుగానే కనబడవలెనన్నది వారి కోరిక. ఫుట్‌బాల్ ఆడు రోబోటుకు బంతి నేలపై ఉన్నంతవరకు ఇట్టి అద్దము చాలా సుఖము. బంతి గాలిలోకి లేచిన వెంటనే లెక్క చెడును. శంకువు దిక్కును, ఈ అద్దము నేలను, పరావలయము పూర్తి దృశ్యమును బాగుగా చెప్పును. అన్నింటిని ఏకదృష్టిబిందువు అను ఒక్క త్రాసులో తూచుట సబబు కాదు.

వీటన్నింటికి ఉమ్మడి లోపము వేరొకటి కలదు. అడ్డముగ వేయి, నిలువుగ వేయి చుక్కలున్న చిత్రమును తీసికొనుడు. అందులో ఇమిడిన వృత్తపు అంచు పొడవు సుమారు 3,140 చుక్కలు. 360 డిగ్రీలకు పంచగా డిగ్రీకి తొమ్మిది చుక్కలైనను రావు. వ్యాసార్ధములో సగము దూరమున నాలుగే వచ్చును. 40 డిగ్రీలు చూచు సాధారణ కెమెరాకు అవే వేయి చుక్కలతో డిగ్రీకి 25 దక్కును. వృత్తము బయటి మూలలు, అనగా చిత్రములో అయిదవ వంతుకు పైగా, వృథా. నడుమ రోబోటు తన కెమెరానే చూచుకొనును. కాళ్ల దగ్గరి నేల ఈ నడిమి భాగము ప్రక్కనే పడును. దగ్గరి వస్తువు పెద్దదగుటచే ఆ కొరత కొంత తీరునను మాట నిజమే. బేకర్, నాయర్ పృథక్కరణ సామర్థ్యమును గురించి, చిత్రము మసకబారుటను గురించి దాచక చర్చించిరి. నాలుగు దిక్కులు ఒకేసారి కనబడునని మురియువారే దానిని మరచుచున్నారు.

నేడు కార్లలో అద్దపు స్తంభము బదులు విశాలమైన చూపుగల కెమెరాలు నాలుగు అమర్చి, వాటి చిత్రములను కలిపి కుట్టుచున్నారు. చుక్కల కరవు ఇందులో తగ్గినది. కాని నాలుగు కెమెరాలనగా నాలుగు దృష్టిబిందువులు. చిత్రములు నేలకు సరిపోవునట్లు కుట్టబడును గనుక, నేలపైకి నిలిచిన వస్తువు కుట్టు దగ్గర రెండుగా కనబడవచ్చును, లేదా దానిలో కొంత భాగము మాయము కావచ్చును. కారు మూలన పిల్లవాడు నిలిచియున్నపుడు డ్రైవరునకు కావలసినది ఆ భాగమే.