పగ్గుకు పట్టపగలు వద్దు

ఈ వారం మిట్టమధ్యాహ్నం కర్నూలు రోడ్డు మీద ఒక కుర్రాడు పగ్గు జాతి కుక్కను బైకు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని పోతున్నాడు. అది నాలుక వేలాడేసి గురగురమంటోంది. చూసినవాళ్లు ముద్దొస్తోందన్నారు. నాకు ప్రాణం ఉసూరుమంది. అది ఊపిరాడని చప్పుడు.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. వగరుస్తుంటే ముక్కులో, నోట్లో తడి ఆరి ఒంటి వేడి తగ్గాలి. పగ్గుకు ఆ ముక్కే అణిగిపోయింది. రంధ్రాలు ఇరుకు, కొండనాలుక వైపు అంగిలి పొడవు. గాలి కోసం ఎంత పెనుగులాడితే అంత వేడి పుడుతుంది.

ఏ నేలకు ఆ పశువని నేనెప్పుడూ అనేదే. మన ఒంగోలు పశువుల జాతి బ్రెజిల్ ఎండల్లోనూ నెల్లోర్ పేరుతో నిలిచింది. పగ్గును మనింటికి తెచ్చింది వాతావరణం కాదు, 2003 నాటి హచ్ మొబైల్ కంపెనీ ప్రకటన. పిల్లాడి వెంట నడిచిన ఆ కుక్కను చూసి ఊరూరా మోజుపడ్డారు. 2024లో తమిళనాడు తన కుక్కల పెంపక విధానంలో పగ్గు సహా కొన్ని విదేశీ జాతుల సంతతిని పెంచడం నిషేధించింది. మనకూ అదే రావాలని రాద్దామనే కూర్చున్నాను. కానీ ఆ నిషేధం ఇకముందు పుట్టేవాటికి. ఇప్పటికే మన గుమ్మంలో ఉన్నదాని సంగతేమిటి? ఈ నేలకు పనికిరాదంటే రేపు దాన్ని వీధిలో వదిలేసేవాళ్లకు నా మాటే సాకవుతుంది. తెచ్చుకున్నాక అది మనదే.

తెల్లారకముందో, రాత్రి నేల చల్లారాకో తిప్పండి. ఎండలో నల్లటి గెలాక్సీ గ్రానైట్ పరిచిన వాకిలి అరికాళ్లు కాలుస్తుంది. ఇంట్లో నీడన అదే బండ మీద పడుకుంటే ఒళ్లు చల్లబడుతుంది. ఎండ తగ్గిందని ధీమా వద్దు, ఉక్కపోతలో వగర్చినా తడి ఆరదు. మెడపట్టీ బదులు ఛాతీకి కట్టే పట్టీ వాడండి. లావెక్కనివ్వకండి. బండిలో వదిలి వెళ్లకండి.

నాలుక నీలంగా మారినా, తూలినా వెంటనే నీడకు చేర్చి ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ ఫ్యాన్ పెట్టండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే వేడి బయటికి పోదు. స్పృహ తప్పితే నోట్లో నీళ్లు పోయకండి. ముందు చల్లార్చండి, ఆపైన పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

కొత్తగా కుక్కను పెంచుకోవాలనుకునేవాళ్లు ఊరకుక్క పిల్లను తెచ్చుకోండి. పగ్గు ఉన్నవాళ్లు రోహిణి కార్తె దాటేదాకా దాన్ని పట్టపగలు గడప దాటించకండి.