అప్రస్తుత ప్రసంగమునకు హద్దు

అష్టావధానసభలలో అప్రస్తుత ప్రసంగము చేయు పృచ్ఛకుని స్థానము నాకు పలుమార్లు దక్కినది. నిషిద్ధాక్షరివారు అక్షరమక్షరమునకు అడ్డువేయుచుండగా, అవధాని కనులు మూసికొని పాదము కూర్చుకొను క్షణముననే, "అవధానిగారూ, ఈ ఉదయము కాఫీ తమరు కాచితిరా, అమ్మగారు కాచినారా?" యని అడిగి ఏకాగ్రతను చెఱచుట అచ్చట నా ధర్మము. "ఎవరు కాచినను చల్లార్చుటకు తమరున్నారు గదా!" యని ఆయన యనును, సభ నవ్వును. కావున సాంఘిక మాధ్యమములలోని ట్రోలింగును గూర్చి వినినప్పుడెల్ల, అది నా పనికంటె ఎట్లు భిన్నమని యోచింపక తప్పలేదు.

అసందర్భమగుటచేత నొక మాట ట్రోలింగు కాదు; నా ప్రసంగమెల్ల అసందర్భమే. వెక్కిరింత యగుటచేతను కాదు. నేను పదుగురి యెదుట కూర్చుండి, అడిగినదానికి బదులు వచ్చువఱకు వేచియుందును. బదులు చమత్కారముగా నున్నచో ముందుగా చప్పట్లు కొట్టువాడను నేనే.

పద్యాభిమానుల వాట్సాప్ గ్రూపులో ఒకరు కందపద్యము పెట్టిరనుకొందము. "రెండవ పాదమున యతి చెల్లలేదు" అని కటువుగా వ్రాసినవాడు ట్రోలు కాడు. సవరించినంతనే అతని పని తీఱినది. సవరించిన పిమ్మట భావము పాతదనియు, దానికి బదులు చెప్పగా నీ గురువెవరనియు, అదియు చెప్పగా నీ కులమేదనియు అడుగువానికి ఏ సమాధానమును అక్కఱలేదు. ఎదుటివాడు విసిగి వ్రాయుట మానుటయే వానికి కావలయును.

గౌతముని న్యాయసూత్రములు వాద, జల్ప, వితండలను వేర్వేఱుగ నిర్వచించి, ప్రకృతమును విడిచి వేఱొకదానికి దాటుటను అర్థాంతరమను పేర 22 నిగ్రహస్థానములలో చేర్చి, ఓటమిగా లెక్కించినవి. వితండవాదికి స్వపక్షము లేకున్నను పరపక్షముపై దృష్టియుండును. ట్రోలుకు ఏ పక్షముతోను పనిలేదు, మనిషియే గుఱి.

కటువైన విమర్శకును ట్రోలింగునకును గల ఈ భేదమును పాటింపక, చిరాకును, అసౌకర్యమును కలిగించు సందేశములనుగూడ నేరముగా ఎంచిన ఐ.టి. చట్టపు 66-ఎ సెక్షనును, అందలి మాటలు అస్పష్టములని, 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టివేసినది. అది యుచితమే, చిరాకు పెట్టుటయే నేరమైనచో విమర్శకులలో మిగులువారెవరు?

కావున గ్రూపులు నడుపువారికి నా మనవి: కటువుగా మాటలాడినంతనే ఎవరినీ త్రోసివేయకుడు, ఒకమారు సూటిగా బదులిచ్చి చూడుడు. బదులు వినకయే ప్రశ్నను మనిషిమీదికి త్రిప్పినవానిని మాత్రము మొగమాటము లేక బయటికి పంపుడు.