వాటం తెలిసిన మేస్త్రి

పోర్చుగల్‌లో కార్క్ ఓక్ చెట్టును నరకరు. సుమారు 9 ఏళ్లకోసారి బెరడు ఒలుస్తారు. దాంతో పరిచిన నేల మెత్తగా, వెచ్చగా ఉంటుంది. మంచి సరుకే. కానీ మే నెలలో విజయవాడ వన్‌టౌన్‌లో వెచ్చదనం ఎవరిక్కావాలి? అరికాలికి చల్లగా తగలాలి. ఆ పని నాపరాయి చేస్తుంది.

పల్నాటి మాచర్ల, నంద్యాల వైపు బేతంచెర్ల గనుల సున్నపురాయి అది. పొరలు పొరలుగా ఏర్పడింది కనుక పలకలుగా విడుతుంది. ఆ పలకల్ని నేలగా మార్చేవాడు తాపీమేస్త్రి.

దారం కట్టి, రసమట్టం చూసి, మాలు పరిచి పలక దించుతాడు. సుత్తి పిడితో తట్టి చెవి ఒగ్గుతాడు. గుల్లగా మోగిందా, కింద బోలు ఉన్నట్టే. పలక లేపి మళ్లీ మాలు వేస్తాడు. బద్ధకించి వదిలేస్తే రేపు బీరువా కాలు ఆనిన చోటే పగులుతుంది.

అసలు పనితనం వాటంలో ఉంది. కంటికి చదునుగా కనిపించాలి, బకెట్టు నీళ్లు కుమ్మరిస్తే మాత్రం తిన్నగా తూము దారి పట్టాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నగరంలో ఎన్నో ఇళ్లను బురదతో నింపింది. చీపురు, నీళ్లతో తేరుకునే నేల విలువ అలాంటప్పుడే తెలుస్తుంది.

సున్నపురాయికి పులుపు గిట్టదు. నిమ్మరసమో చింతపండు పులుసో ఒలికితే వెంటనే తుడవాలి, లేదంటే మచ్చ పడుతుంది. అంతకుమించి అది అడిగే సేవ పెద్దగా లేదు. ఇల్లు కట్టుకునేవాళ్లు రాయి దగ్గర ఎంతైనా బేరమాడండి. వాటం తెలిసిన మేస్త్రి కూలి దగ్గర మాత్రం వద్దు.