ఒళ్లో కోవా పొట్లం

రాయచోటి నుంచి కడపకు యాభై కిలోమీటర్ల పైమాటే. మా ఊరికి రైలు లేదు. పెద్దాస్పత్రికైనా, పెళ్లికైనా, కువైట్‌లో కొలువుకు విమానం ఎక్కడానికైనా రోడ్డే దిక్కు. రామాపురం దాటి గువ్వలచెరువు చేరగానే బండ్లన్నీ వాటంతటవే పక్కకు తిరుగుతాయి. అక్కడి పాలకోవా కొనకుండా ముందుకు పోయేవాళ్లు తక్కువ. కోవా కొన్న కాసేపటికే ఘాట్ మొదలవుతుంది. కడప వైపు పోయేవాళ్లకు అంతా దిగుడే. పక్కన పాలకొండలు, ఎదురుగా మూలుగుతూ ఎక్కివచ్చే లారీలు.

పోయిన నెల నేను కోవా పొట్లాన్ని ఒళ్లో పెట్టుకునే బండి తీశాను. కుడిచేయి స్టీరింగ్ మీద ఉంది, ఎడమచేయి కాగితం విప్పుతోంది. కాగితం ఒకచోట అంటుకుపోయింది. దాన్ని చూడ్డానికి తల దించాను. తల ఎత్తేసరికి వంపులో లారీ ముక్కు కనిపించింది. బ్రేకు తొక్కాను, లారీ డ్రైవరు హారన్ కొట్టాడు, ఇద్దరం ఎవరి దారిన వాళ్లం పోయాం. ఏమీ కాలేదు. ఇలా ఏమీ కాని ప్రయాణాలే చేతికి తప్పుడు అలవాటు నేర్పుతాయి. వంద సార్లు తల దించినా ఏమీ కాకపోతే, నూటొకటోసారి తల దించడానికి భయమేముంటుంది?

ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా పోతుంది. కాగితం విప్పడానికి మూడు సెకన్లు అనుకున్నా యాభై మీటర్లు. ఆ ఘాట్‌లో కొన్ని వంపుల దగ్గర మనకు కనిపించే రోడ్డే అంతుండదు.

నాకు డ్రైవింగ్ నేర్పింది మా మామ. ఆర్టీసీలో చేసి రిటైరయినాడు. మొదటిరోజు గేరు గురించి చెప్పలేదు, క్లచ్ గురించి చెప్పలేదు. “కన్ను యాడుంటే బండి ఆడికే పోతాది అబ్బీ” అన్నాడు. గుంతను చూస్తూ నడిపితే గుంతలోనే దిగబడతాం, గుంత పక్కనున్న మంచి రోడ్డును చూడాలి అని దాని అర్థం. ఆయన పద్ధతులు అన్నీ చిన్నవే. గేరు మార్చాక ఎడమకాలు క్లచ్ మీద ఆన్చనిచ్చేవాడు కాదు. గేరు రాడ్డు మీద చేయి ఊరికే పెడితే తట్టేవాడు. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్నాడు. డీజిల్ మిగులుతుందని ఘాట్‌లో న్యూట్రల్ చేసి దించేవాళ్లంటే ఆయనకు మంట. ఆ మిగులు కూడా ఇప్పటి బండ్లలో భ్రమే. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంజన్‌కు ఇంధనం దానంతటదే ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనేమో ఇంజన్ పట్టు పోయి బరువంతా బ్రేకుల మీద పడుతుంది, అవి కాలి పట్టు తప్పుతాయి.

ఆయనది ఇంకో అలవాటు ఉండేది. బండి నడుపుతూ ఏదో గొణిగేవాడు. “గొర్లు... ట్రాక్టరు, ఎనక లైటు లేదు... వంపు... సైకిలు.” వయసు మీద పడి అట్లా గొణుగుతున్నాడనుకున్నాను. కాదని చాలా ఏళ్లకు తెలిసింది. రైలు ఇంజన్‌లో లోకోపైలట్, అసిస్టెంట్ ప్రతి సిగ్నల్‌నూ చూసి ఒకరికొకరు పైకి చెప్పుకోవాలి, అది రైల్వే నియమం. ఆవిరి ఇంజన్ల షెడ్డున్న నందలూరు పక్కన పెరిగిన మామకు అది చిన్నప్పుడే చెవిన పడి ఉంటుంది. జపాన్ రైల్వేల్లో అయితే వేలితో చూపించి మరీ చెబుతారు. 1994లో అక్కడి రైల్వే పరిశోధన సంస్థ పరీక్ష పెట్టింది. ఊరికే చేస్తే వంద పనుల్లో 2.38 తప్పులు వచ్చాయి. చూపించి, పైకి చెప్పి చేస్తే 0.38కి తగ్గాయి. చూసినదాన్ని నోరు పలకాలంటే మనసు అక్కడ ఉండి తీరాలి. మామ గొణుగుడులో ఉన్న పని అదే.

ఫోన్ సంగతి చెప్పకుండా ఈ మాట పూర్తికాదు. మా బావమరిది కువైట్‌లో ఒక ఇంటికి డ్రైవరు. అక్కడ సీట్లో కూర్చోగానే ఫోన్ డాష్‌బోర్డు పెట్టెలో పడేస్తాడు. 2025 ఏప్రిల్ 22 నుంచి అక్కడ ఫోన్ చేతిలో పట్టుకుని నడిపితే 75 దినార్ల జరిమానా. సెలవుకు ఇంటికొచ్చినప్పుడు మాత్రం అదే మనిషి ఫోన్‌ను తొడ మీద పెట్టుకుని రాయచోటి బైపాస్ ఎక్కుతాడు. అడిగితే “ఈడ ఎవురు చూస్తాండారు బావా” అన్నాడు. ఇక్కడా చట్టం ఉంది. 2019 సవరణ ప్రకారం ఫోన్ చేత పట్టి నడపడం ప్రమాదకరమైన డ్రైవింగే. మొదటిసారి దొరికినా వెయ్యి నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ పడవచ్చు. దారి చూసుకోవడానికి మాత్రం వాడుకోవచ్చని 2020 అక్టోబరు నుంచి నియమం, అదీ డ్రైవరు ధ్యాస చెదరకుండా.

చేత్తో పట్టుకోకుండా మాట్లాడితే సరిపోతుందనుకునేవాళ్లకు ఒక సంగతి. 2015లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు కార్లలో నోటిమాటతో పనిచేసే ఏర్పాట్లను పరీక్షించారు. కారుకు నోటితో పని చెప్పడం అయిపోయాక కూడా ధ్యాస పూర్తిగా రోడ్డు మీదికి రావడానికి 27 సెకన్ల దాకా పట్టిన సందర్భాలున్నాయి. అరవై వేగంలో అది 450 మీటర్లు. మాట ముగిశాక కూడా అర కిలోమీటరు దగ్గర దగ్గర మనిషి సీట్లో ఉన్నా మనసు ఇంకా ఆ మాటల్లోనే ఉండొచ్చు.

పాటలు నేను మానలేదు, మానమని చెప్పను. పాట వినడం వేరు, పాట మార్చడం వేరు. మార్చాలనిపిస్తే గువ్వలచెరువులో ఆగినప్పుడే మార్చుకుంటాను. కోవా పొట్లం ఇప్పుడు డిక్కీలో పోతుంది. ఘాట్‌లో మామ లాగే నేనూ పైకి అంటున్నాను: వంపు, లారీ, గొర్లు. మొదట పక్కన కూర్చున్న మా ఆవిడ వింతగా చూసింది. ఇప్పుడు నేను చూడనిది ఆమే ముందు చెబుతోంది.

ఇళ్లల్లో ఉండేవాళ్లను ఒక్కటి అడుగుతున్నాను. కువైట్‌లో సాయంత్రం ఆరైతే మనకు రాత్రి ఎనిమిదిన్నర. అక్కడున్న మనవాళ్ల నుంచి ఇళ్లకు ఇమో యాప్‌లో కాల్స్ మోగే వేళ అది, కడప పనులు ముగించుకున్నవాళ్లు ఘాట్ ఎక్కే వేళ కూడా. మీ మనిషి దారిలో ఉన్నాడని తెలిస్తే ఆ గంట కాల్ చేయకండి. కువైట్‌లో ఉన్నవాళ్లకూ ఈ మాట చెప్పండి.