గాలిదారి కాపలా

ఇంజన్ ఖర్చును లెక్కగట్టే రైతు పెట్రోలు, డీజిల్ ధరలనే తలచుకుంటాడు గాని, వాటిని మండించే గాలి ఊరికే దొరుకుతుంది కనుక దాని ఊసెత్తడు. నిజానికి ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. అంటే లీటరు పెట్రోలుకు దాదాపు 9,000 లీటర్ల గాలి ఇంజన్ లోపలికి పోవాలి. ఆ గాలిని తగినంతగా, శుభ్రంగా అందించడం ఇంజన్ నడిపే విద్యలో సగపాలు.

గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప తోటల్లో వీపున మోసే పవర్ స్ప్రేయర్ ఈ విద్యకు తొలి పాఠం. దానిలో పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ గాలిదారి నడుమ సన్నబడి ఉంటుంది. అక్కడ గాలి వేగం పెరిగి పీడనం తగ్గడంతో సన్నని రంధ్రం నుంచి పెట్రోలు తుంపరగా వెలువడుతుంది. చోక్ అనే మూత గాలిని అడ్డుకొని మిశ్రమంలో పెట్రోలు పాలు పెంచుతుంది కనుక చల్లబడిన ఇంజన్ సులువుగా అందుకుంటుంది గాని, వేడెక్కాక కూడా దాన్ని తెరవకపోతే నల్లపొగ వచ్చి ప్లగ్ మసిబారుతుంది. ఆపై థ్రాటిల్ అనే మరో మూత ఎంత తెరిస్తే అంత మిశ్రమం లోపలికి పోయి, వేగం అంత పెరుగుతుంది.

1967లో నీరు వదిలిన నాగార్జునసాగర్ కుడికాలువ నుంచి మెరక చేలకు నీరు తోడే డీజిల్ ఇంజన్ పద్ధతి వేరు. సాధారణంగా దాని గాలిదారికి మూత ఉండదు. వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నర్ డీజిల్‌ను మాత్రమే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది.

అయితే మనిషి మూత పెట్టని చోట దుమ్ము పెడుతుంది. ఎండిన పత్తి చేలో ట్రాక్టరు దున్నేటప్పుడు లేచే మట్టి ఫిల్టర్‌ను పూడ్చితే గాలి చాలక డీజిల్ సగం మండి పొగవుతుంది. అదే మట్టి ఫిల్టర్‌ను దాటిపోతే నూనెతో కలిసి సానరాయిలా రింగులను, సిలిండరును అరగదీస్తుంది. అందుకే పాత ట్రాక్టర్లలో గాలిని నూనె గిన్నె మీదుగా మళ్లించి, బరువైన మట్టిరేణువులు ఆ నూనెలో చిక్కుకునేలా అమర్చారు. స్ప్రేయర్‌లో గాలిని వడగట్టే స్పాంజిని కడిగి ఆరబెట్టడం, ఆ గిన్నెలో నూనె మార్చడం చిన్న పనులే అయినా ఎంతో గౌరవించదగినవి. గిన్నె అడుగున పేరుకున్న రేగడి మట్టి సిలిండరు తప్పించుకున్న అరుగుదలకు కంటికి కనిపించే కొలత.