చుక్కల లెక్క, గీత నడక

15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు.

కోనసీమలోనైనా, భీమవరంలోనైనా, రాజమండ్రి వీధుల్లోనైనా ధనుర్మాసంలో ఒక ఇల్లాలు ఇంకొకరికి ముగ్గు చెప్పేటప్పుడు ముందు చెప్పేది ఇంతే. మధ్య వరుసలో 15 చుక్కలు. దానికి పైనా కిందా 14 చొప్పున, సందుల్లో పడేలా. అలా ఒక్కొక్కటే తగ్గించుకుంటూ పోయి 8 దగ్గర ఆపాలి. మొత్తం 169 చుక్కలు. వాకిట్లో ఆరు మూలల ఆకారం దానంతటదే నిలబడుతుంది. ఎదురు చుక్క అంటే ఇంకో లెక్క. చుక్కకు ఎదురుగానే చుక్క పడుతుంది, వరుసకు రెండేసి తగ్గుతాయి. 7 నుంచి 1 వరకు ఎదురు చుక్క పెడితే 25. ఇంత కట్టడాన్ని నాలుగు మాటల్లో అందించే పద్ధతి వేరే ఏ బొమ్మల కళలోనైనా ఉందా అని నాకు అనుమానం. ఇప్పుడు యూట్యూబులో ముగ్గుల వీడియోలకు పెట్టే పేర్లు కూడా ఈ నాలుగు మాటలే. పాత నోటుపుస్తకం భాష కొత్త తెర మీదకి చెక్కుచెదరకుండా వచ్చేసింది.

చెయ్యి అంత సులువుగా రాలేదు.

మంచి ముగ్గు నేలతో మొదలవుతుంది. కళ్ళాపి చల్లిన మట్టి వాకిలి తడిగా ఉండాలి, చిత్తడిగా ఉండకూడదు. తడి ఎక్కువైతే పిండి ముద్ద కడుతుంది, ఆరిపోతే గాలికి లేస్తుంది. మధ్యలో దొరికే కాసేపట్లోనే పని కానివ్వాలి. గుప్పెడు పిండి అరచేతిలో ఉంటుంది. చూపుడువేలి పక్క మీదుగా బొటనవేలు మెల్లగా జరుగుతుంటే సన్నటి ధార దిగుతుంది. గీత మందాన్ని తేల్చేవి మూడు: వేళ్ళ బిగువు, నేల నుంచి చేతి ఎత్తు, చెయ్యి కదిలే వేగం. వంపు తిరిగే చోట ఎవరి చెయ్యైనా నిదానిస్తుంది. నిదానించిన చోట పిండి గుట్ట పడాలి. ఆరితేరిన చేతి కింద పడదు, ఎందుకంటే చెయ్యి నెమ్మదించిన క్షణంలోనే వేళ్ళు బిగుసుకుంటాయి. వంపు దాటగానే మళ్ళీ వదులవుతాయి. ఈ సర్దుబాటు ఎలా చేస్తున్నారని అడిగితే ఎవరూ చెప్పలేరు. చాక్‌పీసుతో సిమెంటు మీద వేసే ముగ్గులో ఈ విద్యకు పనే లేదు. అపార్ట్‌మెంటు గుమ్మాల దగ్గర మనం పోగొట్టుకుంటున్నది రంగూ కాదు, ఆకారమూ కాదు, ఈ వేళ్ళ తెలివి.

పువ్వులు, చిలకలు, సంక్రాంతి పండగ చివర్లో వేసే రథం ముగ్గు అందరూ మెచ్చుకునేవే. నాకు మాత్రం మెలికల ముగ్గు అంటేనే మోజు. అక్కడ గీత చుక్కను తాకదు, చుట్టుకుంటూ పోతుంది. ప్రతి చుక్కా ఏదో ఒక గదిలో ఉండాలి. గీతకు తెగిన కొస కనబడకూడదు. గీతలు దాటుకోవచ్చు గాని, ఒకచోట రెండుకు మించి కూడకూడదు. ఇవీ నియమాలు. ఒక కాగితం తీసుకుని అడ్డంగా 4, నిలువుగా 3 చుక్కలు పెట్టండి. పక్కపక్క చుక్కల నడుమ ప్రతిచోటా గీతలు దాటుకునేలా, అంచుల్లో వంపు తిరిగి వెనక్కి వచ్చేలా వేస్తూ పోండి. ముగ్గంతా ఒకే గీత అవుతుంది. 3 అడ్డం, 3 నిలువు పెడితే ఒక గీతతో పూర్తి కాదు, మూడు విడి గీతలు తేలతాయి. 4 అడ్డం, 6 నిలువు పెడితే రెండు. అడ్డం, నిలువు లెక్కల గ.సా.భా. ఎంతో, గీతలు అన్ని. బడిలో మనం చచ్చీచెడీ నేర్చుకున్నది వాకిట్లో ఇలా కూర్చుని ఉంది. ఆఫ్రికాలో అంగోలా ప్రజలు ఇసుకలో వేసే సోనా చిత్రాల్లోనూ ఇదే లెక్క ఉందని మొజాంబిక్ గణితవేత్త పౌలస్ గెర్డెస్ వివరంగా రాశాడు.

3కి 3 చుక్కల ముగ్గును ఒకే గీతగా మార్చాలంటే? రెండు విడి గీతలు దాటుకునే చోట దాటనివ్వకుండా, ఎదురెదురుగా మళ్ళించి వెనక్కి పంపాలి. దాంతో ఆ రెండూ ఒకటైపోతాయి. సరైన చోట్లు చూసుకుని రెండుసార్లు ఇలా చేస్తే మూడూ ఒకే గీత. ఏ గణితమూ చదవని ఆడవాళ్ళు ఈ మళ్ళింపును ఎక్కడ చెయ్యాలో, చేశాక నాలుగు వైపులా పొందిక ఎలా నిలపాలో చూసుకుంటూ కొత్త ముగ్గులు పుట్టించారు. పనితనం అంటే నేను దీన్నే అంటాను.

ఈ పనితనాన్ని కంప్యూటర్ వాళ్ళు మనకంటే ముందే గుర్తించారు. మద్రాసు తాంబరంలోని క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ దంపతులు కమలా కృత్తివాసన్‌తో కలిసి 1974లో కోలం, అంటే తమిళుల ముగ్గు మీద ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. చిన్న బొమ్మ ఒకటి, దాన్ని పెంచే నియమాలు కొన్ని ఇస్తే, వాటి నుంచి ఎంత పెద్ద కోలమైనా పుడుతుందని అందులో చూపించారు. వాక్యాలకు వ్యాకరణం ఉన్నట్టే గళ్ళలో పరిచిన బొమ్మలకూ వ్యాకరణం ఉంటుందన్నది వాళ్ళ వాదం. వాకిలి పెద్దదైతే 5 చుక్కల ముగ్గును 9కి పెంచే ఇల్లాలు చేసేదీ అదే. గిఫ్ట్ సిరోమనీ 1988లో పోయారు. మరుసటి ఏడు ఆయన స్మారక సంపుటిలో కమలా కృత్తివాసన్, కెనడాలో పనిచేస్తున్న కంప్యూటర్ శాస్త్రవేత్త ప్రుషింకీవిచ్ మరొకరితో కలిసి, మొక్కల పెరుగుదలను లెక్కించే ఎల్-సిస్టమ్స్ పద్ధతితో ముగ్గులు వేయించడం గురించి రాశారు.

ఆ గీత తెర మీద నడవడానికి తాబేలు కావాలి. పిల్లల కోసం 1967లో పుట్టిన లోగో అనే కంప్యూటర్ భాషకు పేరు తెచ్చినది ఆ తాబేలే. ఇంత ముందుకు వెళ్ళు, ఇంత కుడికి తిరుగు అంటే వెళ్తుంది, వెనకాల గీత మిగులుతుంది. ఇప్పుడు పైథాన్ నేర్చుకునే ప్రతి పిల్లకీ ఆ తాబేలు ఉచితంగా దొరుకుతుంది. అయితే మెలికల ముగ్గులో తాబేలు బయల్దేరిన చోటికి తిరిగొచ్చేదాకా ఒకే దారిలో పోతుంది. మనిషి అలా పోదు. నేను చూసినంతలో, ఒక పక్క రెండు మెలికలు వేసి, అటు తిరిగి అవే రెండు మెలికలు ఎదురు పక్కనా వేసి, నాలుగు దిక్కులూ అలా చుట్టుకొచ్చి, చివర్లో అతుకులు కలుపుతారు. కలిపిన చోటు వెతికినా దొరకదు. ఒకే గీత అనుకుని మనం మురిసిపోయేది ఎన్నో ముక్కల కూర్పు. ఈ రెండు నడకలనూ పక్కపక్కన పెట్టి పిల్లలకు నేర్పితే ముగ్గూ వస్తుంది, లెక్కా వస్తుంది.

టాబ్లెట్లలో బొమ్మలు వేసే యాప్‌ల సంగతి వేరు. వాటిలో అద్దం పద్ధతి ఒకటుంటుంది. ఒక మూల గీస్తే మిగతా మూలల్లో అదే బొమ్మ పడిపోతుంది. చూడ్డానికి ముగ్గే. కానీ నాలుగోసారి వేసేటప్పుడు మొదటిసారి వేసినదాన్ని గుర్తుపెట్టుకోవడమే ఇందులో విద్య, ఆ విద్యనే యాప్ తీసేసుకుంటుంది. సంతలో అమ్మే చిల్లుల ముగ్గు గొట్టానికీ దీనికీ నాకు తేడా కనిపించదు. కొరియా జానపద చిత్రకళ మిన్‌హ్వాకు టాబ్లెట్ ఇంతకంటే బాగా నప్పుతుంది. అక్కడ మామూలుగానే నేర్చుకునేవాళ్ళు ‘బోన్’ అనే రేఖాచిత్రం మీద పల్చటి కాగితం పరిచి, పులినో మాగ్‌పై పిట్టనో దిద్దుకుని, ఆ తర్వాత రంగు పూసి నీడలు తేలుస్తారు. యాప్‌లోని పొర ఆ బోన్ చేసే పనే చేస్తుంది. మన ముగ్గుకు కింద పరిచే రేఖాచిత్రం లేదు. ఉన్నవి చుక్కలే. చుక్కలు ఎక్కడ ఆగాలో చెబుతాయి గాని, ఎటు తిరగాలో చెప్పవు.

అందుకే నా మట్టుకు, ముగ్గు నేర్పే యంత్రాల్లో తాబేలు తర్వాత మంచిది ఫోను కెమెరానే, అదీ సరిగ్గా వాడితే. మన వీడియోల్లో చాలావాటికి పై నుంచి తీసిన దృశ్యం ఉంటుంది, వేగం పెంచేస్తారు, పాట పెడతారు. చెయ్యి మెరుపులా పోతుంది. ఎక్కడ మొదలైందో, ఏ మెలిక తర్వాత ఏది పడిందో అందదు.

వచ్చే ధనుర్మాసంలో మీ అమ్మమ్మో, అత్తగారో, పక్కింటి పిన్నిగారో మెలికల ముగ్గు వేస్తుంటే ఫోను పట్టుకుని పక్కన నిలబడండి. వేగం పెంచకండి, పాట పెట్టకండి. వేళ్ళు కనబడేంత దగ్గరగా తీయండి. చుక్కల లెక్క ఆవిడ నోటితోనే చెప్పించండి. ముగ్గు పూర్తయ్యాక తీసిన ఫొటోలు మన దగ్గర కావలసినన్ని ఉన్నాయి.